వెనకచేతి మేస్త్రీ

మా బావమరిది ఈ లోకంలో దేన్నీ నేరుగా అరచేత్తో ముట్టుకోడు. ముందు వెనకచేత్తో ఒకసారి టప్‌మని తడతాడు. అది తిరిగి తన్నలేదని రూఢి అయ్యాకే పట్టుకుంటాడు. తలుపు గొళ్ళెమైనా అంతే, నీళ్ళ గ్లాసైనా అంతే, బ్యాంకు మేనేజరు చెయ్యైనా అంతే.

వృత్తి కరెంటు పని. పాత ఇళ్ళకి కొత్త వైరింగు వెయ్యడంలో అతన్ని మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఆ మాట నేనే చెబుతున్నాను. నేను ఒకరిని అంత సులభంగా మెచ్చుకునేవాణ్ణి కాదు. పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతి వరకు చదివి, అన్నేళ్ళూ లెక్కల్లో నేనే మొదటివాడినై, ఆ చదువుతోనే నీళ్ళ శాఖలో ముప్ఫై రెండేళ్ళు స్టోర్ కీపరుగా చేసి, ఒక్క వాషరు కూడా తక్కువ రాకుండా బయటికొచ్చినవాణ్ణి. చివరి రోజున పైఅధికారి అందరి ముందూ, "ఈయన ఉన్న చోట తాళం అవసరం లేదు" అన్నారు. కావలిస్తే ఆయన్నే అడగవచ్చు.

"ఏవోయ్, ఈ తట్టడమేమిటి?" అని మొదట్లో అడిగాను.

"అరచేతికి కరెంటు తగిలితే వేళ్ళు ముడుచుకుపోయి తీగనే పట్టుకుంటాయి బావా. వెనకచేతికి తగిలితే చెయ్యి దానంతటదే వెనక్కి ఎగిరిపోతుంది."

"మరి ఆ జేబులో టెస్టరెందుకు, సంచిలో మీటరెందుకు?"

"అవి పనికి. ఇది అలవాటు. మీరు మాత్రం ఎప్పుడూ ఇలా చెయ్యకండి. తాకి చూసే పరీక్ష పరీక్షే కాదు."

బాగానే ఉంది. కానీ బ్యాంకు మేనేజరులో కరెంటు ఎందుకుంటుంది?

ఆ మేనేజరు పాపం మర్యాదస్తుడు. లాకరు కోసం మేమిద్దరం వెళ్ళినప్పుడు లేచి నిలబడి చెయ్యి చాచాడు. మావాడు వెనకచేత్తో టప్‌మన్నాడు. మేనేజరు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పటికి మావాడికి రూఢి అయింది గనక తన చెయ్యి చాచాడు. ఈయన మళ్ళీ చాచేసరికి మావాడు మళ్ళీ మొదటి నుంచీ తట్టాడు. మూడు విడతలు జరిగాక మేనేజరు నా చెవి దగ్గరికి వంగి, "వారికి నేనంటే ఏమైనా కోపమా?" అన్నాడు.

"అబ్బే, లేదండీ. మీలో కరెంటు ఉందేమోనని."

"ఉందా?" అన్నాడు మేనేజరు, తన చేతిని తనే తిప్పి చూసుకుంటూ.

క్షురకుడి దగ్గర ఇంకో వరస. అతను మిషను చేతిలోకి తీసుకోగానే మావాడు దాన్ని తట్టాడు. "భయమైతే కత్తెరతో చేస్తానులెండి" అన్నాడతను. కత్తెరనీ తట్టాడు.

"కత్తెరకి వైరెక్కడుందండీ?"

"ఇవాళ లేదు" అన్నాడు మావాడు, తేలిగ్గా కళ్ళు మూసుకుని.

ఆస్పత్రిలో డాక్టరు గుండె చూడబోతే ఆయన గొట్టాన్ని తట్టాడు. బస్సులో అయితే కడ్డీని తట్టబోయిన క్షణాన డ్రైవరు బ్రేకు వేశాడు. టప్‌మన్నది ముందు సీట్లో కూర్చున్న పెద్దమనిషి బట్టతల మీద పడింది. ఆయన వెనక్కి తిరిగి నిప్పులు కురిసేలా చూస్తుంటే, మావాడు పక్కనున్నవాడితో, "పర్వాలేదు, పట్టుకోవచ్చు" అన్నాడు. మేం రెండు స్టాపుల ముందే దిగి నడిచి వచ్చాం.

ఇలా ఊళ్ళో అతనికి వెనకచేతి మేస్త్రీ అనే పేరు స్థిరపడిపోయింది. పిలిస్తే పలుకుతాడు కూడా.

ఆదివారం పొద్దున పది కొట్టేసరికి మా ఇంటికి వచ్చేవాడు. వచ్చినవాడు వచ్చినట్టు కూర్చుంటే మాకూ హాయి. ముందు గేటు, తర్వాత వరండా ఊచలు, ఇనపబీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, వంటింటి కుళాయి, అన్నిటికీ వరసగా ఒక్కో టప్.

"ఒరేయ్, ముందు కూర్చోరా. ఇల్లు ఎక్కడికీ పారిపోదు" అనేది మా ఆవిడ.

"ఉండక్కా, అందర్నీ పలకరించి వస్తాను."

"ఏవోయ్, మా ఫ్రిజ్ కులాసాయేనా?" అనేవాణ్ణి నేను.

"కొంచెం ఒళ్ళు వెచ్చగా ఉంది బావా. వెనక గాలి తగలనివ్వండి."

మేం పడీపడీ నవ్వేవాళ్ళం. అతనూ నవ్వేవాడు. కానీ బోర్డుల్లో ఒక్క స్క్రూ కూడా ముట్టుకునేవాడు కాదు. ముట్టుకోవద్దని శాసించినవాణ్ణి నేనే.

దానికో చరిత్ర ఉంది. మా ఇల్లు కట్టి నలభై ఏళ్ళు. వైరింగు నా చేతులతో నేనే వేశాను. ఒక పుస్తకం అరువు తెచ్చుకుని, మూడు వారాల్లో, గోడల పొడుగునా చెక్కబద్దలు కొట్టి, ఆ బద్దల మీద తీగలు గీత గీసినట్టు పరిచాను. చూడటానికి వచ్చిన కంట్రాక్టరు, "ఎవరి పని ఇది?" అని అడిగి, నేనని తెలిసి నోరు తెరిచాడు. నలభై ఏళ్ళలో ఒక్క దీపం నా మాట కాదనలేదు. ఇరవై ఏళ్ళుగా ఒక్క ఫ్యూజు పోలేదు. అలాంటి పనిని పన్నెండేళ్ళ కిందట ఓ రోజు మా బావమరిది నలుగురి ముందూ పట్టుకుని, "బావా, వైరింగు ముసలిదైపోయింది. ఒకసారి బోర్డు విప్పి చూడనా?" అన్నాడు.

"నేనూ ముసలివాణ్ణే. నన్నూ విప్పి చూస్తావా?"

"అది కాదు బావా. ఫ్యూజులో మీరు పెట్టింది ఫ్యూజు తీగ కాదు, బట్టలారేసే తీగంత లావుంది. అందుకే పోవడం లేదు. కావలివాడు దొంగలొచ్చినా లేవడం లేదనుకోండి, భలే నిద్రపోతున్నాడని మెచ్చుకుంటామా?"

అందరూ నవ్వారు. మా ఆవిడ అందరికన్నా ఎక్కువ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. "ఇదిగో, ఈ ఇంట్లో భోజనానికి రా, కబుర్లకి రా. నా వైరింగులో ఒక్క స్క్రూ ముట్టుకున్నావంటే నీకూ నాకూ బంధుత్వం లేదు" అన్నాను. అతను సరేనన్నాడు. నేను అన్న మాట మీద నిలబడేవాణ్ణని అతనికి తెలుసు.

ఆరేళ్ళ కిందట నేను ఇంకో ఘనకార్యం చేశాను. వీధి నుంచి ఇంట్లోకి నీళ్ళు తెచ్చే ఇనపగొట్టాలు తుప్పు పట్టి కారుతుంటే, వారం పడుతుందన్న పనిని రెండు రోజుల్లో నేనొక్కణ్ణే ముగించాను. ఇనుము పీకేసి శుభ్రంగా ప్లాస్టిక్ గొట్టాలు వేశాను. గోడల్లోపలివి గట్టిగా ఉన్నాయని వదిలేశాను. అది చూసి వీధిలో మరో మూడిళ్ళవాళ్ళు నన్ను పిలిచి అదే పని చేయించుకున్నారు. అందులో ఒకరు ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరు. ఆయన ఎలాంటి మనిషంటే, వార్తాపత్రికలో అచ్చుతప్పులు దిద్ది ఆ పత్రికకే తిరిగి పంపిస్తాడు. నలభై ఏళ్ళుగా ఆయన తప్పు నేనూ, నా తప్పు ఆయనా వెతుక్కుంటున్నాం. అలాంటివాడు నా గొట్టాల చుట్టూ మూడుసార్లు తిరిగి, "తప్పేం కనబడటం లేదే!" అని బాధపడ్డాడు. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఇక ఈమధ్య నెల రోజులుగా మా ఆవిడ ఒకటే నస. "వంటింటి కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందండీ."

"వయసొచ్చింది. నరాలు."

"నరాలైతే బట్టలుతికే మిషను తిరిగినప్పుడే ఎందుకు జివ్వుమంటాయి?"

"ఆ చప్పుడికి."

నేనేదైనా చెబితే ఖాయంగా చెబుతాను.

మామూలుగా ఆదివారాలు తిప్పని మిషను ఆ ఆదివారం తిరుగుతోంది. మావాడు గేటునీ, ఊచల్నీ, బీరువానీ పలకరించుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. నేను అలమర కింద పీట మీద కూర్చుని పత్రిక చదువుతున్నాను. మా ఆవిడ తడిచేతులతో కుళాయి వైపు వెళ్ళింది. "ఉండక్కా, నా వంతు" అంటూ మావాడు ముందుకి దూరి వెనకచేత్తో టప్‌మన్నాడు.

టప్‌మన్నది కనబడింది. తర్వాత ఆ చెయ్యి ఎటు పోయిందో ఎవరికీ కనబడలేదు. అది గాల్లో అర్ధచంద్రాకారంగా వెళ్ళి అలమరని కొట్టింది. అలమర మీది పిండిడబ్బా నా మీద పడింది. డబ్బా నిండా పిండే. నేను, పత్రిక, పీట తెల్లగా ఒకే వస్తువైపోయాం.

"అక్కా, ముట్టుకోకు!" అని అరుస్తూ మావాడు వరండాలోకి దూకి మెయిన్ స్విచ్చి కిందికి లాగేశాడు. మిషను మూలిగి ఆగిపోయింది. తర్వాత నా వైపు తిరిగి, "బావా, మీరేనా?" అన్నాడు.

"నేనే" అన్నాను. పిండి ఎగిరింది.

మా ఆవిడ మాత్రం కుళాయి వంకా, తన చేతుల వంకా చూసుకుంటూ అలాగే నిలబడిపోయింది. ఆ మొహం చూశాక నాకు పిండి సంగతి గుర్తులేదు.

"బావా, స్క్రూ ముట్టుకోనా?" అన్నాడు మావాడు మెల్లగా.

"ముట్టుకో" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది.

సంచిలోంచి మీటరు తీశాడు. మిషను వెనక వైరు గోడకి రాసుకుని ఒరిసిపోయిందనీ, కరెంటు మిషను రేకులోకి దిగుతోందనీ రెండు నిమిషాల్లో తేల్చాడు. తర్వాత ఎర్త్ తీగ ఎటు పోతోందో చూసుకుంటూ బయటికి వెళ్ళాడు. స్నానాలగది వెనక గోడ దగ్గర కూర్చుని నన్ను పిలిచాడు.

"ఈ ముడి ఎవరు వేశారు బావా?"

"నేనే. ఎర్త్ తీగని నీళ్ళగొట్టానికి కట్టాలని పుస్తకంలో ఉంది. గొట్టం భూమిలోకి పోతుంది, దాంతోపాటు కరెంటూ పోతుంది. నలభై ఏళ్ళయినా ముడి చెక్కుచెదరలేదు, చూడు."

"ముడి బ్రహ్మాండంగా ఉంది. ఈ గొట్టం ఇక్కడ ఆగిపోయిందేం?"

"ఆరేళ్ళ కిందట ఇక్కడి నుంచి వీధిదాకా ప్లాస్టిక్ వేశాగా! తుప్పు పట్టదు, కరెంటు పోదు..."

అన్నాక నా మాట నాకే వినబడింది.

మావాడు తల ఎత్తలేదు. "ఎక్కడైనా కరెంటు కారితే భూమిలోకి పోవడానికే కదా బావా ఎర్త్ తీగ. ఇప్పుడది భూమిలోకి పోవడం లేదు. గోడలో మిగిలిన ఇనపగొట్టం పట్టుకుని కుళాయి దాకా వెళ్ళి, అక్కడ దారి దొరక్క, అక్క చెయ్యి తగిలితే అదే భూమి అనుకుంటోంది."

నా రెండు ఘనకార్యాలూ విడివిడిగా చూస్తే ఒకదాన్ని మించింది ఒకటి. రెండూ కలిసి మా ఆవిడ ప్రాణం మీదికి వచ్చాయి. ఇన్ని లెక్కలు చేసినవాణ్ణి, ఆ కూడిక ఒక్కటి చెయ్యలేదు.

"మీ అక్కకి ఏమని చెబుతావ్?" అన్నాను.

"అది నాకొదిలెయ్యండి. మీరు వెళ్ళి తల దులుపుకోండి. ఎవరైనా నూనె పోస్తే కష్టం."

అయిదు రోజులు పని చేశాడు. నా చెక్కబద్దలు ఊడదీస్తుంటే తీగల పైపొర ఎండుటాకులా పొడిపొడిగా రాలింది. ఒక చోట నల్లగా కాలి ఉంది. ఆ ముక్కని నాకు చూపించకుండా జేబులో వేసుకున్నాడు గానీ నేను చూశాను. గోడల్లో గొట్టాలు దింపి కొత్త తీగలు లాగాడు. పెరట్లో లోతుగా గొయ్యి తీయించి, బొగ్గూ ఉప్పూ వేసి, అచ్చంగా భూమిలోకే పోయే ఎర్త్ పెట్టాడు. నా ఫ్యూజుల చోట చిన్న చిన్న మీటల పెట్టె బిగించాడు.

"ఈ మీటలు ఎక్కువ బరువు పడితే వాటంతటవే కిందికి పడతాయి. ఈ పెద్ద మీటేమో కరెంటు కాస్త దారి తప్పినా చాలు, రెప్పపాటులో పడుతుంది. నెలకోసారి ఈ బటన్ నొక్కి చూడక్కా. పడిపోతే బాగా పనిచేస్తున్నట్టు."

"అంటే తేడా వస్తే వెంటనే ఒప్పేసుకుంటుందన్నమాట" అంది మా ఆవిడ, నా వైపు చూడకుండా. "ఇంట్లో అలాంటిది ఒకటి ఉండాలి."

మరుసటి ఆదివారం మావాడు రాలేదు. పని అయిపోయింది గనక విశ్రాంతి తీసుకుంటున్నాడనుకుని, కళ్ళజోడు మా ఇంట్లో మర్చిపోతే ఇచ్చి వద్దామని నేనే బయలుదేరాను. చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళడం అదే మొదలు. వీధి తలుపు వేసి ఉంటే పెరటి వైపు నుంచి వెళ్ళాను. వంటింటి కిటికీలోంచి చూద్దును గదా, నా కళ్ళు నేనే నమ్మలేకపోయాను.

మా బావమరిది ఫ్రిజ్ తలుపుని నిండు అరచేత్తో పట్టుకుని బార్లా తీశాడు. కుళాయిని గుప్పిట్లో పట్టి తిప్పాడు. మిక్సీని పెంపుడు కుక్కని నిమిరినట్టు నిమిరాడు. ఒక్క టప్ లేదు!

"ఏవోయ్!" అన్నాను.

అతను ఉలిక్కిపడి నన్ను చూశాడు. చూసిన మరుక్షణం గబగబా ఫ్రిజ్‌ని టప్, కుళాయిని టప్, మిక్సీని టప్, చివరికి చేతిలో ఉన్న దోసకాయని కూడా టప్‌మనిపించాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం.

"ఏమిటిది?"

"ఏం లేదు బావా... చిన్న పనుంది... ఇప్పుడే వస్తా" అని నీళ్ళు నమిలి, చెప్పులు చేత్తో పట్టుకుని వీధి గుమ్మంలోంచి మాయమయ్యాడు. కళ్ళజోడు నా చేతిలోనే ఉండిపోయింది.

నేను లోపలికి వెళ్ళేసరికి అతని భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఏమ్మా, ఇంట్లో వీడికి ఆ అలవాటు లేదా?"

"మా ఇంట్లో ఎందుకన్నయ్యా? మా వైరింగు బాగానే ఉందిగా!"

"మరి బయట?"

"ఇంక దాచి లాభం లేదు. పన్నెండేళ్ళ కిందట మీరు స్క్రూ ముట్టుకోవద్దన్న రోజున ఇంటికొచ్చి అన్నం తినలేదు. 'ఆ ఇంట్లో అక్క తిరుగుతోంది. ఎక్కడ ఏం తగులుతుందో వారం వారం చూడకపోతే నాకు నిద్ర పట్టదు' అన్నారు. టెస్టరుతో చూడవచ్చు కదా అన్నాను. 'టెస్టరు తీస్తే బావకి కోపం వస్తుంది, చెయ్యి తీస్తే నవ్వు వస్తుంది' అన్నారు. తాకి చూడటం మంచిది కాదని ఆయనే అందరికీ చెబుతారు. నా మాట మాత్రం వినరు."

"సరే, మా ఫ్రిజ్ అంటే అర్థముంది. బ్యాంకు మేనేజరుని ఎందుకు తట్టాడమ్మా?"

"ఒక్క మీ ఇంట్లోనే తడితే మీకు తెలిసిపోదూ? అందుకని ఊరంతా తడుతున్నారు."

నేను పీట మీద కూర్చుండిపోయాను. పన్నెండేళ్ళు! ఆ బస్సులో బట్టతల, ఆ కత్తెర, ఆ డాక్టరుగారి గొట్టం, ఇవన్నీ నా పరువుకి కట్టిన ప్రహరీగోడ. ఒక మనిషి నా రోషం మీద గీత పడకుండా ఉండటానికి ఊరందరి చేతా నవ్వించుకున్నాడు. అందరికన్నా గట్టిగా నవ్వినవాణ్ణి నేను.

"ఇప్పుడెక్కడికి పారిపోయాడు?"

ఆ అమ్మాయి కాస్త తటపటాయించింది. "మీ ఎదురింటికే అన్నయ్యా. మీరు గొట్టాలు మార్చిన మూడిళ్ళల్లోనూ ఎర్త్ పాత నీళ్ళగొట్టానికే కట్టి ఉంటుందట, అదీ అలాగే తెగిపోయి ఉంటుందట. మీ పేరు రాకుండా ఏదో వంక పెట్టి ఒక్కొక్కటీ చూసి వస్తానన్నారు."

ఆ మూడిళ్ళ సంగతి నాకు అంతవరకు తట్టనే లేదు. లేచిన వేగానికి పీట బోర్లా పడింది. డెబ్బై ఏళ్ళు దాటాక నేను పరిగెత్తింది ఆ రోజే. పావుగంట దారి, ఎనిమిది నిమిషాల్లో వచ్చాను. అదీ రాసిపెట్టుకోదగ్గదే.

ఎదురింటి తలుపు తెరిచే ఉంది. హెడ్మాస్టరు వరండాలో నిలబడి ఉన్నాడు. లోపలి నుంచి టప్, టప్ అని వినబడుతోంది.

"రండి రండి" అన్నాడాయన. "మీ బావమరిది వచ్చిన దగ్గర్నుంచీ మా సామాన్లన్నిటికీ చెంపదెబ్బలు వేస్తున్నాడు. మీ ఇంట్లో ఎలుకలు పడి ఎర్త్ తీగ కొరికేశాయటగా? మీ ఆవిడ కూడా మా ఆవిడతో అదే చెప్పింది. మా ఇంట్లో ఎలుకలు లేవయ్యా అంటే వినడు."

మా బావమరిది గుమ్మంలోంచి తల బయటపెట్టి, మీరు మాట్లాడకండి అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. లోపల పంపు తిప్పిన చప్పుడు. హెడ్మాస్టరు భార్య గిన్నె కడుగుతున్నట్టుంది.

నలభై ఏళ్ళుగా ఈ ఒక్క మనిషి ముందు నేను తప్పు ఒప్పుకోలేదు. గొంతు సవరించుకున్నాను.

"ముందు అమ్మగారిని ఆ పంపు వదలమనండి. మెయిన్ స్విచ్చి కట్టెయ్యండి" అన్నాను. "ఆ ఎలుక నేనేనండీ."

హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూశాడు. గొట్టాల సంగతి, ఎర్త్ సంగతి, మా కుళాయి సంగతి, మొదటి నుంచీ చివరి దాకా ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. మా బావమరిది వెళ్ళి మెయిన్ కట్టేసి వచ్చాడు, అరచేత్తోనే. అంతా విన్నాక హెడ్మాస్టరు మొహం నేను నలభై ఏళ్ళలో ఎన్నడూ చూడనంతగా వెలిగిపోయింది.

"మరి గుమ్మంలోనే నిలబడ్డారేం?" అంటూ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు. "రండి, రండి. ఆరేళ్ళ కిందట మా ఇంట్లోనూ రెండు రోజులు తిరిగారుగా. ఎక్కడెక్కడ కొరికారో చూపిద్దురుగాని."